నాలుగో రోజు సబ్బునీళ్లు

పంపుల షెడ్డు ఇల్లు
జూన్ 2, ఆదివారం

చెల్లీ,

మూడు రోజులుగా మబ్బు పట్టి ఉంది, చుక్క రాలలేదు. ఉక్కకి షెడ్డు రేకులు పెనంలా కాలుతున్నాయి. పొద్దున్నుంచి రెండు పంపులు విప్పాం. విప్పాం అంటే నేను విప్పాను, మీ బావ స్టూలు మీద కూర్చుని చెప్పాడు. ఒకదాంట్లో బేరింగు అరిగింది. ఇంకోదాంట్లో ఎవరో నట్టు అడ్డంగా బిగించి మర పాడుచేశారు. "ఎడమకి తిప్పవే. నీ ఎడమ కాదు, పంపు ఎడమ" అంటాడు. పంపుకి కుడి ఎడమలుంటాయని పెళ్లైన పదహారేళ్లకి తెలిసింది.

రేకు తెగి ఆయన చేతి మీద పడి నాలుగు నెలలైంది. కుట్లు మానాయి. చిటికెన వేలు, దాని పక్క వేలు, అరచేతిలో ఆ వైపు సగం మాత్రం ఆయనవి కానట్టే ఉన్నాయి. మొన్న ఆయన పొయ్యి మీది గిన్నె దించుతుంటే చర్మం కాలిన వాసన నాకొచ్చింది, ఆయనకి నొప్పి రాలేదు. ఇదివరకు పంపు లోపలికి చెయ్యి పెట్టి, మొహం ఇటు తిప్పి ఎవరితోనో కబుర్లు చెబుతూనే నట్టు వెతికి బిగించేవాడు. ఇప్పుడు బయట ఉన్న నట్టుని కూడా కళ్లతో చూసుకుని పట్టుకుంటున్నాడు. అప్పటికీ జారిపోతోంది.

బుధవారం డాక్టరుగారు చూశారు. ముంజేతి లోపల నరం ఐదు సెంటీమీటర్లు పోయిందట. రెండు కొసలూ లాగి కుట్టడానికి అందవు. కాలి నుంచి ఆయన నరమే తీసి వేయొచ్చు, కానీ పాదం పక్క తిమ్మిరి మిగిలిపోతుంది. లేదంటే నువ్వు పనిచేసే చోట తయారుచేసే నరం వేయొచ్చు. చేయి బాగుపడాలంటే ఏడాది లోపల ఏదో ఒకటి నిలబడాలి, ఆ తర్వాత కండ ఎండిపోతుంది అన్నారు.

మీ బావకి కాలు కోయించుకోవడం ఇష్టం లేదు. "ఎవరో పోయినాయన నరం పెడితే, ఆయన పొలం పంపు ముందు బాగుచెయ్యమని నా చెయ్యి పట్టి లాగుతాడేమో అడుగు" అంటున్నాడు.

నీకు ఆ పని తెలుసు కాబట్టి అడుగుతున్నాను. పెట్టించుకోమంటావా, వద్దంటావా? ఫోనులో అడిగితే "ఏం కాదక్కా" అని పెట్టేస్తావు. నిదానంగా రాయి.

అక్క


హాస్టలు, రెండో అంతస్తు
జూన్ 9, ఆదివారం

అక్కా,

ఇక్కడ ఎండ మండిపోతోంది. మా గదిలో మాత్రం ఎప్పుడూ ఒకటే చలి. కోటు కింద స్వెట్టరు వేసుకుని పనిచేస్తాం, బయటికి రాగానే చెమటతో తడుస్తాం.

పోయేముందు ఒప్పుకున్నవాళ్ల శరీరంలోంచి నరాలు తీసి మాకు ఐసు పెట్టెల్లో పంపుతారు. ఆ మనిషి కణాలు అందులో ఉన్నంతకాలం ఇంకో ఒళ్లు దాన్ని పరాయిదని పట్టేసి తరిమేస్తుంది. అందుకని కడుగుతాం. ముందు మామూలు నీళ్లు. తర్వాత సబ్బులాంటి మందు కలిపిన నీళ్లలో మూడు రోజులు. మళ్లీ మామూలు నీళ్లు. సీసాలు ఊయలలా ఊగే బల్ల మీద ఉంటాయి. మూడో రోజు సాయంత్రానికి నరం తెల్లబడి తడిసిన కాగితంలా అవుతుంది. ఒక ముక్క చివర కాస్త కోసి మైక్రోస్కోపు కింద చూస్తాం. కణాలు ఉండవు, సన్నటి గొట్టాలు మాత్రం ఉంటాయి. తేనెపట్టు పిండేశాక మైనం గదులు మిగిలినట్టు. చేతిలో తెగిన నరం పై కొస నుంచి కొత్త పోగులు పుట్టి, ఆ గదుల్లోంచి పాక్కుంటూ కిందికి దిగుతాయి. రోజుకి ఒక మిల్లీమీటరు. పంపు బాగుచెయ్యమని అడిగే పెద్దాయన మా సింకులోనే పోతాడని బావకి చెప్పు.

ఏ ముక్క ఎవరికో మాకు చెప్పరు. చీటీ మీద నంబరు, పొడవు ఉంటాయి, అంతే. మా ఇన్‌చార్జికి రెండు చేతులకీ రెండు గడియారాలు, ఒకటి మనుషుల టైముకి, ఒకటి ఊయల బల్లకి. అందరం ఆయన్ని గడియారం అనే అంటాం. ఆయన వింటే చంపేస్తాడు. మొన్న ఆయన పంచిన చీటీల్లో ఐదు సెంటీమీటర్లది ఒక్కటే ఉంది, పక్కన మీ ఆసుపత్రి గుర్తు ఉంది. మీ డాక్టరుగారు ముందే అడిగి ఉంచినట్టున్నారు. నేనేమీ అనలేదు. నువ్వూ ఎక్కడా అనకు.

పెట్టించుకోమను. అది నా చేతి మీదుగానే వెళ్తుంది. ఆసుపత్రి లాండ్రీలో అందరూ దుప్పటి ఒకసారి జాడించి ఆరేస్తే అమ్మ రెండోసారి తొట్టిలో ముంచేది, గుర్తుందా? సూపర్‌వైజరు తిడుతుంటే తలూపి, ఆయన అటు తిరగ్గానే ముంచేది. నేను అమ్మ కూతుర్నే.

చెల్లి


పంపుల షెడ్డు ఇల్లు
జూలై 28, ఆదివారం

చెల్లీ,

వానలు పట్టాయి. పంపుల వాళ్లు రావడం తగ్గింది, కప్పు కారడం ఎక్కువైంది. షెడ్డులో నాలుగు చోట్ల బకెట్లు పెట్టాను.

ఆపరేషన్ అయి ఇరవై ఐదు రోజులు. కుట్లు విప్పారు. గాయం శుభ్రంగా ఉంది. డాక్టరుగారు నాకో పని చెప్పారు. ప్రతి ఆదివారం మోచేతి మడత నుంచి కిందికి వేలితో తడుతూ రావాలి. కొత్త పోగులు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ తట్టితే చిటికెన వేలిదాకా జివ్వుమంటుందట. అక్కడ పెన్నుతో గీత గీసి, మడత నుంచి ఎంత దూరమో టేపుతో కొలిచి రాయాలి. పై కుట్టు పన్నెండు సెంటీమీటర్ల దగ్గర ఉంది, కింది కుట్టు పదిహేడు దగ్గర. ఈ మధ్యలో ఉన్నది నీ ముక్క.

ఈ రోజు మొదటిసారి జివ్వుమంది. పన్నెండున్నర. తట్టగానే ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అబద్ధమైతే అలా లాక్కోడు. గీత గీశాను. చాలాసేపు ఆ గీత వైపే చూశాడు.

ఇక్కడ నుంచి మీ బావ చెప్తుంటే రాస్తున్నాను: "మరదలా, నీ పనితనం బాగుంది. ఇన్నాళ్లూ నీకు టీ గ్లాసు కడగడం కూడా చేతకాదని మీ అక్కతో అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ అక్క నన్ను వారానికోసారి తలుపు తట్టినట్టు తడుతోంది. ఇంకో మూడు నెలలకి అరచేతిదాకా వస్తే దాని చేతిలోంచి నా స్పానర్లు లాక్కుంటాను. నీకు నట్లు బిగించడం నేర్పమని మాత్రం అడగొద్దు, ఒకరికి నేర్పేసరికే తల నెరిసింది."

అక్క


హాస్టలు
ఆగస్టు 11, ఆదివారం

అక్కా, బావా,

మీరు ఆదివారాలు ఫోనులో చెప్పే గీతలు నా మంచం పక్క గోడ మీద రాసుకుంటున్నాను. పన్నెండున్నర, పదమూడు, పదమూడున్నర. ముందుకి లెక్క వేసుకుని ఎప్పటికి పదిహేడు అవుతుందో కూడా రాశాను.

ఇప్పుడు చెప్పొచ్చు అనిపించి చెప్తున్నాను. మూడో రోజు సాయంత్రం అన్ని ముక్కలూ సబ్బునీళ్లలోంచి తీసేశాం. బావ ముక్కని నేను వేరే సీసాలో వేసి కొత్త సబ్బునీళ్లు పోసి ఇంకో రోజు ఉంచాను. సొంత మనిషికి వెళ్తుంటే ఎవరి చెయ్యి ఊరుకుంటుంది? ఏ ముక్క ఎన్ని రోజులు ఉంచామో రాసే పుస్తకంలో మాత్రం మూడు అనే రాశాను. సంచిలో పెట్టేటప్పుడు వేళ్లకి మిగతావాటికంటే మెత్తగా తగిలింది. మంచిదే అనుకున్నాను.

ప్రతి ముక్కలోనూ పాత మనిషిది ఎంత మిగిలిందో చూసే పరీక్ష ఒకటుంది. ఆ అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. ఆ నెల లెక్కల్లో బావ ముక్కది మా దగ్గర ఎప్పుడూ రానంత తక్కువ వచ్చింది. పోయిన వారం గడియారం పిలిచి అడిగాడు, "ఇదెలా వచ్చింది?" అని. భయపడి అంతా చెప్పేశాను, ఆ చేయి మా బావదని కూడా. తిడతాడనుకున్నాను. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. గీతలు అడిగాడు. చెప్పాను. "వారం వారం ఎంత జరిగిందో నాకు తెచ్చివ్వు. పుస్తకంలో పాతది దిద్దకు, దిద్దితే అడిగేవాళ్లకి జవాబు చెప్పాలి. బాగుంటే ముందు ముందు అందరికీ నాలుగు రోజులు పెడదాం" అన్నాడు.

నా పని గురించి ఈ గదిలో ఎవరైనా ఒక మాట అనడం ఇదే మొదటిసారి అక్కా. గీతలు రాయడం మాత్రం మానకు.

చెల్లి


పంపుల షెడ్డు ఇల్లు
సెప్టెంబరు 15, ఆదివారం

చెల్లీ,

వాన వెలిసింది. షెడ్డు చుట్టూ బురద. నాలుగు మోటార్లు నీళ్లు తాగి వచ్చాయి, విప్పి ఆరబెట్టాను. ఈ నెలలో మీ బావ షెడ్డులోకి రావడం తగ్గించాడు. అరుగు మీదే కూర్చుంటున్నాడు. ఎవరైనా వస్తే "మేస్త్రీ లోపల ఉంది" అని నా వైపు చూపిస్తున్నాడు. ముందు నవ్వుతూ అనేవాడు.

ఆగస్టు పద్దెనిమిది పద్నాలుగు. ఇరవై ఐదు పద్నాలుగున్నర. సెప్టెంబరు ఒకటి పదిహేను, ఎనిమిది పదిహేనున్నర, ఈ రోజు పదహారు. తప్పకుండా వారానికి అరసెంటీమీటరు. డాక్టరుగారికి చూపిస్తే సంతోషించారు. ఇంత క్రమంగా ఎవరికీ జరగలేదట.

అంతా బాగుందనే రాయాలి. కొన్ని కనిపించాయి, అవీ రాస్తాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ లోపలికి దిగింది, అక్కడ నా బొటనవేలు పెడితే గుంట తెలుస్తోంది. చిటికెన వేలు వంగుతోంది, తెరిస్తే పూర్తిగా తెరుచుకోదు. కుట్టు చుట్టూ వెచ్చగా ఉంటోంది. అడిగితే "పోగులు నడుస్తుంటే వేడి పుట్టదా? నువ్వు పంపు తిప్పితే వేడెక్కదా?" అంటాడు. మొన్న వేలి మెటిక మీద బొబ్బ చూశాను. ఎప్పుడు కాలిందో ఆయనకి తెలియదు.

గీత గీసేటప్పుడు ఇప్పుడు చెయ్యి వెనక్కి లాక్కోవడం లేదు. అలవాటైంది అంటున్నాడు.

కండ దిగడం మామూలేనా? మీ ఇన్‌చార్జిని అడుగు.

అక్క


హాస్టలు
అక్టోబరు 5, శనివారం

అక్కా,

జవాబు ఆలస్యమైంది. ఇక్కడ చలి మొదలైంది, మా గది బయట కూడా.

కండ దిగడం మామూలే అన్నాడు గడియారం. పోగులు వేళ్లదాకా చేరేవరకు కండకి పని ఉండదు కదా అన్నాడు. నువ్వు వారం వారం చెప్పిన గీతలన్నీ ఒక కాగితం మీద ఎక్కించి పెద్దవాళ్లకి పంపాడు. సెప్టెంబరు పదహారు నుంచి అందరి ముక్కలూ నాలుగు రోజులే. గోడ మీద కొత్త కాగితం అంటించారు. సబ్బునీళ్లు: నాలుగు రోజులు. ఈ మూడు వారాల్లో ఆరు ముక్కలు వెళ్లాయి.

నిన్న ఒకటి చూశాను. మైక్రోస్కోపు కోసం చివర కోయడం మా దగ్గర మూడో రోజు సాయంత్రం. నాలుగో రోజు కలిపారు కానీ కోసే రోజు మార్చలేదు. అంటే నాలుగో రోజు తర్వాత ఆ ముక్క ఎలా ఉందో ఎవరూ చూడటం లేదు. నేనూ చూడలేదు, బావదీ చూడలేదు. నిన్న పొడవుకి సరిచేసేటప్పుడు తెగిపడిన చివర ఒకటి ఉంటే అందరూ భోజనానికి వెళ్లాక పెట్టి చూశాను.

గదులు లేవు అక్కా. కొన్నిచోట్ల ఉన్నాయి. ఎక్కువచోట్ల గోడలు ఒకదాని మీద ఒకటి పడి అతుక్కుపోయాయి. వేడినీళ్లు తగిలిన మైనంలా ఉంది. పోగు అక్కడిదాకా వస్తే దూరడానికి దారి లేదు.

కోసినప్పుడు నా కత్తి నలిపిందేమో. ఒక్క చివర చూసి చెప్పకూడదు. అలా అయితే బావ గీత పదహారుదాకా ఎలా వస్తుంది? అది చూసే కాస్త ఊపిరి పీల్చుకుంటున్నాను.

ఒక పని చెయ్యి. పాత గీతలన్నీ స్పిరిటుతో తుడిచెయ్యి. బావ కళ్లకి గుడ్డ కట్టు. ఎక్కడ తడుతున్నావో చెప్పకు. మణికట్టు దగ్గర కూడా తట్టు, పోగులు ఇంకా చేరి ఉండని చోట. ఏమంటాడో ఉన్నదున్నట్టు రాయి. ఎందుకో ఆయనకి చెప్పకు.

చెల్లి


పంపుల షెడ్డు ఇల్లు
అక్టోబరు 17, గురువారం

చెల్లికి,

నువ్వు చెప్పినట్టే ఆదివారం చేశాను. గుడ్డ కడతానంటే "ఏంటే, దాగుడుమూతలా?" అన్నాడు. గీతలు తుడిచాను. చర్మం మీద మరక పోవడానికి సేపు పట్టింది.

పదిహేను దగ్గర తట్టాను.

"ఆఁ, జివ్వుమంది" అన్నాడు.

పదిహేడు దగ్గర తట్టాను. "అక్కడా ఉంది" అన్నాడు.

మణికట్టు ఎముక మీద తట్టాను.

"అదిగో, అక్కడే" అన్నాడు.

మళ్లీ అక్కడే తట్టాను, "అక్కడే" అన్నాడు. గుడ్డ విప్పాను. నా వేలు ఎక్కడుందో చూసుకున్నాడు.

"ఎప్పట్నుంచయ్యా?" అన్నాను.

"ఆగస్టులో. మూడో ఆదివారం."

"పద్నాలుగు అన్న రోజా?"

"ఆ రోజు పదమూడున్నర దగ్గరే ఉంది. వారం ముందు ఎక్కడుందో అక్కడే. నువ్వు పెన్ను మూత తీసి పట్టుకుని కూర్చున్నావు. కాస్త కింద తట్టినప్పుడు ఆఁ అన్నాను. వచ్చేవారం కదులుతుందిలే, అప్పుడు సరిపోతుంది అనుకున్నా."

"తర్వాత వారం?"

"పాత గీత కనపడుతూనే ఉందిగా. దానికి కాస్త కింద ఆఁ అంటే సరిపోయేది."

"డాక్టరు దగ్గర కూడానా?"

"నువ్వు రాసిన కాగితం ఆయన ముందే పెట్టావు. నిన్ను అబద్ధాలకోరుని చెయ్యమంటావా?"

ఇంత క్రమంగా ఎవరికీ జరగలేదని ఆయన అన్నప్పుడే నాకు తెలియాల్సింది. మనిషి ఒళ్లు టేపు పెట్టి కొలిచినట్టు పెరగదు.

నిన్న డాక్టరుగారి దగ్గరికి వెళ్లి గీతలన్నీ తప్పని చెప్పాను. ఆయన కోప్పడలేదు. మళ్లీ తట్టి చూశారు. పదమూడున్నర. మీ చోట నుంచి వచ్చిన కాగితం తీసి చదివారు. సబ్బునీళ్లు మూడు రోజులు, అన్నీ మామూలుగా ఉన్నాయి అన్నారు. "కొందరికి మధ్యలో ఆగి మళ్లీ కదులుతుంది. ఫిబ్రవరిదాకా చూద్దాం. తొందరపడి మళ్లీ కోస్తే ఉన్నది కూడా పోతుంది" అన్నారు.

నాలుగు రోజులని నాకు తెలుసు. ఆయనకి తెలియదు. నోటిదాకా వచ్చింది. నీ ఉద్యోగం గుర్తొచ్చి మింగేశాను.

ఫిబ్రవరికి రేకు పడి ఏడాది దాటుతుంది. ఆగాలా, ఆగకూడదా? ఈసారి ధైర్యం చెప్పడానికి రాయకు. నీకు తెలిసింది రాయి.

అక్క


హాస్టలు
అక్టోబరు 21, సోమవారం

అక్కా,

ఆగకూడదు. పోగులు పదమూడున్నర దగ్గర మూసుకున్న గోడలకి తగిలి ఆగాయి. ఫిబ్రవరికైనా ఆ పైఫిబ్రవరికైనా అక్కడే ఉంటాయి. ఆ ముక్క తీసేసి కాలి నరం వేయాలి, కండ పూర్తిగా పోకముందే. డాక్టరుగారికి నిజం తెలిస్తే ఈ నెలలోనే చేస్తారు.

తప్పు నాది. ఎలా రాయాలో తెలియక ఇలాగే రాస్తున్నాను. మురికి ఎంత పోయిందో చూసుకున్నాను, దాంతో పాటు ఇంకేం పోయిందో చూసుకోలేదు.

గడియారానికి శనివారం చెప్పాను. చూసిన చివర గురించి, బావ గీత గురించి అంతా. తలుపు వేసి మాట్లాడాడు. "పుస్తకంలో మీ బావ ముక్క ఎన్ని రోజులు?" అన్నాడు. మూడు అన్నాను. "మూడు రోజులది ఆగిపోయిందంటే మూడు చాలలేదని అర్థం. అందుకే కదా మనం నాలుగు పెట్టాం" అన్నాడు. నేను నాలుగు ఉంచానని మీకు తెలుసు కదా సార్ అన్నాను. "నాకేం తెలుసు? నువ్వు రాసింది తెలుసు" అన్నాడు. ఆయన గొంతు పెంచలేదు. నాకు మంచినీళ్లు కూడా ఇచ్చాడు.

బావ చెయ్యి ఆగిపోవడం ఇప్పుడు ఆ గోడ మీద కాగితానికి సాక్ష్యం అవుతోంది. నేను రాసిన ఒక్క అంకె వల్ల. అది అబద్ధమని రాతపూర్వకంగా ఇస్తే తప్ప ఎవరూ నమ్మరు. ఇస్తే ఈ పని పోతుంది, ఇంకెక్కడా ఈ పని ఇవ్వరు.

ఇప్పటికి బావదితో కలిపి తొమ్మిది వెళ్లాయి. ఈ గురువారం ఆరు సెంటీమీటర్లది ఒకటి సబ్బునీళ్లలోకి వెళ్తుంది. సోమవారం తీసి, మంగళవారం ఉదయం బండికి ఇస్తాం. ఎవరికో తెలియదు. పొడవు ఒక్కటే తెలుసు.

శుక్రవారం నెలవారీ మీటింగు. పెద్దవాళ్లందరూ, ఆపరేషన్లు చేసే డాక్టర్లు కూడా వస్తారు. అందరి ముందూ చెప్తాను. అందాకా నువ్వు డాక్టరుగారికి ఏమీ అనకు. నా నోటితో నేనే చెప్పాలి. ఈ ఒక్కటీ నాకు వదిలెయ్యి.

బావకి ఏమని చెప్తావో నీ ఇష్టం.

చెల్లి


పంపుల షెడ్డు ఇల్లు
అక్టోబరు 28, సోమవారం

నీ ఉత్తరం గురువారం అందింది. నాలుగుసార్లు చదివాను. ఐదోసారి మీ బావకి చదివి వినిపించాను.

ఆయనకి నీ మీద కోపం లేదు. "నా కోసం ఒక రోజు ఎక్కువ నిలబడింది పిచ్చిది. దాని పొట్ట కొట్టకు. నాకు ఒక చెయ్యి ఉంది, మేస్త్రీ ఉంది" అంటున్నాడు. రెండు రోజుల నుంచి ఇదే మాట. ఇప్పటికే ఈ ఇంట్లో ఒకరి మీద ఒకరికి ప్రేమ ఎక్కువై ఒక చెయ్యి పోయింది. ఆయన చాలు అన్నా నాకు చాలదు.

నాకు కోపం ఉంది. బావ విషయంలో కాదు. అది నీకు తెలియక చేశావు. తెలిశాక శనివారం నుంచి శుక్రవారం దాకా ఆగుదామని లెక్క వేసుకున్నావు చూడు, దాని మీద. నేనూ ఆగాను. డాక్టరుగారి ముందు కూర్చుని మింగేశాను. అందుకే నిన్ను ఎక్కువ అనలేకపోతున్నాను.

శుక్రవారం అయిపోయింది. శనివారం మూడుసార్లు ఫోను చేశాను, నువ్వు ఎత్తలేదు. ఆదివారం హాస్టలు వాళ్లు ఎత్తి, నువ్వు గదిలోనే ఉన్నావనీ కిందికి రానంటున్నావనీ చెప్పారు. అప్పుడు అర్థమైంది.

డాక్టరుగారు ఇక్కడికి వచ్చేది బుధవారమే. ఎల్లుండి మొదటి బస్సుకి వెళ్తున్నాం. నేను నోటితో చెబితే ఒక మెకానిక్ పెళ్లాం మాట, అంతే. నీ ఉత్తరాలు నాలుగూ సంచిలో పెట్టాను. తారీఖులు ఉన్నాయి, నీ చేతిరాత ఉంది. మీ పుస్తకంలో లేనిది వాటిలో ఉంది. అవి ఆయన బల్ల మీద పెడతాను.

ఫోను ఎత్తకపోయినా ఇదైనా చదువుతావని రాస్తున్నాను. నీకు చేరేసరికి మేం వెళ్లొచ్చేసి ఉంటాం.

ఈలోగా నువ్వే చెప్పి ఉంటే ఆ సంగతి రాయి. శుక్రవారం మీటింగులో ఏమైందో కూడా రాయి.


హాస్టలు
నవంబరు 2, శనివారం

అక్కకి,

శుక్రవారం చెప్పలేదు.

మీటింగులో గడియారం నన్ను లేచి నిలబడమన్నాడు. నాలుగు రోజుల పద్ధతి ఈ అమ్మాయి శ్రద్ధ వల్లే వచ్చిందని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఒక డాక్టరుగారు "మీ బావగారి చెయ్యి ఎలా ఉంది?" అని అడిగారు. "పర్వాలేదండీ" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. కూర్చోమన్నారు, కూర్చున్నాను.

ఆరు సెంటీమీటర్ల ముక్కని గురువారం సబ్బునీళ్లలో వేసింది నేనే. సోమవారం ఉదయం తీసి, మామూలు నీళ్లలో కడిగి సంచిలో పెట్టింది నేనే. మెత్తగా తగిలింది. మంగళవారం ఉదయం ఏడు గంటల బండిలో వెళ్లింది. అప్పగించినవాళ్లు అన్న చోట నా సంతకం ఉంది. బుధవారం ఎనిమిదిన్నరకి ఆపరేషన్ మొదలుపెట్టారట.

మీ డాక్టరుగారి ఫోను బుధవారం పదిగంటల పదినిమిషాలకి వచ్చింది. అప్పటికి కుట్టేశారు. ఆ ముక్క పెట్టించుకున్నామె దర్జీపని చేస్తుందట. ఇప్పుడు చెప్పారు.

మొత్తం పది. ఎనిమిది చేతులు, రెండు కాళ్లు. అందరినీ పిలిపిస్తున్నారు. ముందుగా పెట్టినవాళ్లకి ముందు తీస్తారు. వరసలో బావ మొదట ఉన్నాడు, పన్నెండో తారీఖున కాలి నరం వేస్తారు. కండ ఎంత మిగిలిందో తెరిస్తే గానీ చెప్పలేం అన్నారు.

నీకు రాసిన ఉత్తరాల నకళ్లు నా ముందు పెట్టారు. ఇవి నీవేనా అని అడిగారు. అన్నిటి మీదా సంతకం చేశాను. బుధవారమే గోడ మీద కాగితం పదకొండింటికి తీసేశారు. పన్నెండున్నరకి గదికి తాళం వేశారు. గడియారం రెండింటికి వెళ్లాడు. నేను ఐదుంపావుకి బయటికి వచ్చాను.

చెల్లి